అపసారవిచారము

నేరము జరిగిన వేళ నచట లేను, వేఱొకచోట నుంటినని యభియుక్తుఁడు చెప్పు సమాధానమునకు నాంగ్లేయ న్యాయశాస్త్రమున "ఆలిబై" యని పేరు. ఇది లాటినుభాషనుండి వచ్చిన మాట. ఆ భాషలో దీని యర్థము "వేఱొకచోట" అని మాత్రమే. సంస్కృతమున దీనికి సరియైన పదము "అన్యత్ర". అన్యశబ్దముమీఁద సప్తమ్యర్థమున త్రల్ ప్రత్యయము చేరఁగా నీ యవ్యయ మేర్పడుచున్నది. తచ్ఛబ్దమున కాప్రత్యయమే చేరిన "తత్ర" యగును. కాలార్థమున దా ప్రత్యయము చేరిన "తదా" యగును. ఈ మూఁడవ్యయములలోనే యాసమాధానముయొక్క స్వరూపమంతయు నిమిడియున్నది. అన్యత్ర నుంటిననుట చాలదు. నేరము జరిగిన యాక్షణముననే యన్యత్ర నుంటినని చెప్పవలయును. ప్రతిమనుష్యుఁడును నేదో యొక కాలమున నేదో యొకచోట నుండియే తీఱును గదా. కాలమును దేశమును గలిపి ముడివేయఁగలిగినపుడే యీమాట సమాధాన మనిపించుకొనును.

ఈముడిని హంతకులు వెదకుకొనుటయు, న్యాయాధిపతులు విప్పి చూచుటయు నేఁటివికావు. అయితే యీసమాధానముయొక్క చరిత్రలో ముఖ్యముగా విచారింపవలసిన యంశ మొకటి యున్నది. సమాధానము ఋజువైనచో నభియుక్తుఁడు విడుదల యగుననుటలో నెన్నఁడును వివాదము లేదు. ఋజువు కానిచో వాని గతి యేమి? ఈ ప్రశ్నకు వివిధకాలములలో నీయఁబడిన ప్రత్యుత్తరములే యీసమాధానముయొక్క నిజమైన చరిత్ర.

విషయము స్పష్టమగుటకు నూజివీటిసీమనుండి యొక కల్పితదృష్టాంతమును గ్రహింపవచ్చును. పూర్వము కృష్ణాజిల్లాలోనుండి 2022 లో ఏలూరుజిల్లాలోనికి మాఱిన ఆగిరిపల్లియందు శోభనాచలముపై నృసింహస్వామి కొలువుదీఱియున్నాఁడు. మాఘమాసమున రథసప్తమికి జనులు తండోపతండములుగా నచటికిఁ జేరుదురు. చుట్టుపట్ల మామిడితోటలు పూతతో నుండు కాలమది. ఆ దినములలో నొక రాత్రి నూజివీటిచెంత నొక తోటలో నొకఁడు చంపఁబడెననుకొనుఁడు. సందేహింపఁబడినవాఁడు మూఁడు విధములుగాఁ జెప్పవచ్చును. "నేనచట లేను" అనుట మొదటిది. "ఆ రాత్రి ఆగిరిపల్లి తిరునాళ్లలో నుంటిని" అనుట రెండవది. "ఆ రాత్రి కాశిలో నుంటిని" అనుట మూఁడవది. మొదటిది నిషేధము మాత్రమే. మూఁడవది నిజమైనచో నింక విచారమే లేదు. చిక్కంతయు రెండవదానియందే యున్నది. ఆగిరిపల్లికిని నూజివీటికిని నడుమ దూర మొకపూటలో నడువఁదగినది. కావున "ఆ రాత్రి" యన్నఁ జాలదు. ఏ జామున నని యడుగవలసివచ్చును. తిరునాళ్లలో వేలకొలఁది జనులున్నను, ప్రక్కవాని మొగము గుర్తుపెట్టుకొన్నవాఁ డొక్కఁడును నుండకపోవచ్చును. సమూహము సాక్షి కాదు.

ధర్మశాస్త్రకారులు మొదటి రెండు సమాధానములకును గల భేదమును చక్కఁగా గుర్తించిరి. వ్యవహారమునకు భాష, ఉత్తరము, క్రియ, సాధ్యసిద్ధి యని నాలుగు పాదములు. వాది చెప్పునది భాష, ప్రతివాది చెప్పునది యుత్తరము, ప్రమాణములతో ఋజువుచేయుట క్రియ, తుదినిర్ణయము సాధ్యసిద్ధి. ఇందుత్తరము మరల నాలుగు తెఱఁగులు. ఒప్పుకొనుట సంప్రతిపత్తి. కాదనుట మిథ్య. సంగతి నొప్పుకొని దానికొక కారణము చెప్పి తప్పించుకొనుట కారణోత్తరము. దీనికే ప్రత్యవస్కందన మని నామాంతరము. ఈవివాద మింతకుముందే తీర్పుపొందినదనుట ప్రాఙ్న్యాయము.

మిథ్యోత్తరమును మరల నాలుగుగా విభజించు వచనము నారదస్మృతిలోఁ గానవచ్చుచున్నది. ఇది యబద్ధమనుట యొకటి, నేనెఱుఁగననుట రెండవది, ఆ వేళ నాచోట నేను లేననుట మూఁడవది, ఆ కాలమునకు నేను పుట్టనేలేదనుట నాలుగవది. ఇందు మూఁడవది మన ప్రకృతవిషయము. నాలుగవది దానికి సోదరప్రాయము: ఒకటి మనుష్యుని దేశమునుండి తొలఁగించును, రెండవది కాలమునుండి తొలఁగించును. మిథ్యోత్తరమునందు క్రియాభారము వాదిపైననే యుండునని నియమము. చేసితివని చెప్పినవాఁడు చేసినట్లు చూపవలయునుగాని, చేయలేదన్నవాఁడు చేయనట్లు చూపఁబనిలేదు. అభావమును జూపుట యెట్లు? కావున "నేనచట లేను" అని యూరకున్నవానికి ధర్మశాస్త్రము రక్షణమునే యిచ్చినది.

అయితే "అచట లేను, ఇచట నుంటిని" యని యొక క్రొత్తసంగతిని జోడించినవాని మాట యేమి? ఈ సందేహమునకు నేరుగా నుపకరించు విచారము మితాక్షరలో నున్నది. కల్యాణపురమున చాళుక్యచక్రవర్తి యాఱవ విక్రమాదిత్యుని కాలమున (1076-1126) విజ్ఞానేశ్వరుఁడు యాజ్ఞవల్క్యస్మృతికి రచించిన వ్యాఖ్య యిది. అందతఁ డొక యావును దృష్టాంతముగాఁ దీసికొనెను. ఒకఁడు వచ్చి, ఈ యావు నాది, ఫలానాకాలమునఁ దప్పిపోయినది, నేఁడు వీనియింటఁ గనఁబడినదని ఫిర్యాదు చేసెను. ప్రతివాది, ఇది యబద్ధము, నీవు చెప్పిన కాలమునకుఁ బూర్వమునుండియు నిది మాయింటనే యున్నది, మాయింటనే పుట్టినదని బదులు పలికెను.

ఈ యుత్తర మే జాతికిఁ జేరును? వాదిపక్షమును ఖండింపఁజాలినది గనుక నుత్తరమే కాదనుటకు వీలులేదు. కారణము చెప్పఁబడినది గనుక కేవలమిథ్య కాదు. వాది చెప్పినదానిలో నించుకయు నొప్పుకొనలేదు గనుక కేవలకారణమును గాదు. అందువలన నిది "సకారణ మిథ్యోత్తరము" అని విజ్ఞానేశ్వరుని సిద్ధాంతము. ఇట్టియెడ క్రియాభారము ప్రతివాదిపైఁ బడునని యతఁడు తేల్చెను. ఆవునకు మాఱుగా మనుష్యుని నిలిపి చూచినచో నీ విచార మపసారమునకు సరిగా సరిపోవును. ఆగిరిపల్లి దృష్టాంతములో "లేను" అన్నంతవఱకు భారము వాదిది. "తిరునాళ్లలో నుంటిని" అన్నతోడనే యా తిరునాళ్లను ఋజువుచేయు భారము చెప్పినవానిది. ఒక వాక్యములోని రెండు ఖండములకు రెండు భారములు.

ఈ మితాక్షర తెలుఁగువారికి పరాయిది కాదు. పదుమూఁడవ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని తెలుఁగుపద్యములలోనికిఁ దెచ్చి "విజ్ఞానేశ్వరీయము" అని పేరిడెను. తెలుఁగున ధర్మశాస్త్రగ్రంథములకు నిది మొదటిది. అతఁడే "ఆంధ్రభాషాభూషణము" అను వ్యాకరణమును రచించెను; దండి దశకుమారచరితమును తెనిఁగించి తిక్కనసోమయాజి కంకిత మొసఁగి, యభినవదండి యని ప్రసిద్ధి నొందెను. వ్యాకరణము, వ్యవహారము, దొంగలకథలు నొక్కచేతిమీఁదుగా తెలుఁగునఁ బ్రవేశించుట గమనింపఁదగినది.

ధర్మశాస్త్రము సభలోని వాదమును జెప్పినది. సభకు రాకమున్ను రాజపురుషు లేమి చేయుచుండిరో తెలిసికొనుటకు కౌటిలీయార్థశాస్త్రమును జూడవలయును. 1909 లో మైసూరునందు శామశాస్త్రిగారు మూలమును బ్రకటించిన పిమ్మట నీ గ్రంథము పండితులకుఁ దిరిగి లభించినది. అందుఁ గంటకశోధన మను నాలుగవ యధికరణములో వాక్యకర్మానుయోగ మను నధ్యాయ మున్నది. పట్టువడినవాని దేశము, జాతి, గోత్రము, పేరు, వృత్తి, ధనము, సహాయులు, నివాసము మొదలైనవానిని సాక్షులవలనఁ దెలిసికొని, పిమ్మట వాని నడుగవలసిన ప్రశ్న యొకటి చెప్పఁబడినది: గడచిన దినమున నెచటెచటఁ దిరిగితివి, రాత్రి యెచట నుంటివి, పట్టువడువఱకు నేమిచేసితివి? దీనికి వాఁడు చెప్పు బదులునకు కౌటిల్యుఁడు పెట్టిన పేరు "అపసారము". అపపూర్వకమైన సృధాతువునకు ఘఞ్ చేరఁగా నైన రూపమిది. తొలఁగిపోవుట యని యవయవార్థము. అపసారమునకు "ప్రతిసంధానము" కుదిరినచో వాఁడు శుద్ధుఁడు. చెప్పినమాటకు నితరుల మాట యతుకవలయునని తాత్పర్యము. ఆంగ్లేయపదమునకు మన భాషలో నొక శాస్త్రీయనామము కావలసినచో నింతకంటె ప్రాచీనమైనది దొరకదు.

అతుకనిచో? అట్టివాఁడు "కర్మ"కుఁ బాత్రుఁడని కౌటిల్యుఁడు. కర్మ యనఁగా నచట చిత్రవధపూర్వకమైన విచారణము. దోషము నమ్మఁదగినట్లు తోఁచినవానికే దానిని బ్రయోగింపవలయునని నియమ మున్నను, అపసారము విఫలమగుటయే దానికి ద్వారమైనది. అయినను నా శాస్త్రకారుఁడు తన సాధనముయొక్క బలహీనత నెఱుఁగనివాఁడు కాఁడు. అనుమానము మాత్రమే గలవానిని మూఁడురాత్రులు గడచిన తరువాతఁ బట్టరాదని, యప్పటి కడుగుటవలన ఫలము లేదని, పనిముట్లు దొరికినపుడు మాత్ర మది వర్తింపదని యాతఁడు చెప్పెను. మఱియు దొంగ కానివాఁడును దైవికముగా దొంగలదారిలోఁ దటస్థింపవచ్చునని హెచ్చరించి, మాండవ్యుని నుదాహరించెను.

ఆ కథ నన్నయ భారతమున నాదిపర్వముఁ జదివినవారికిఁ దెలిసినదే. దొంగలు సొమ్ముతో ముని యాశ్రమమున దాఁగిరి. రాజభటులు వచ్చి యడిగిరి. మౌనవ్రతమున నున్న మాండవ్యుఁడు పలుకలేదు. ఆ పలుకకపోవుటయే ఋజువుగా నాతనిని శూలమునకెక్కించిరి. కౌటిల్యుఁడు చెప్పిన మాండవ్యుఁడు కొంచెము భిన్నుఁడు: హింసకు వెఱచి దొంగను నేనేయని యొప్పుకొన్నవాఁడు. ఒకచోట మౌనము, ఒకచోట భయము. రెంటను నుత్తరము లేకుండుటయో, తప్పుటయో నేరమునకుఁ బ్రమాణమైనది. ఇందువలన సాధనసామగ్రి సంపూర్ణమైన తరువాతనే దండింపవలయునని కౌటిల్యుఁ డాప్రకరణమున సిద్ధాంతీకరించెను.

శాస్త్రము హెచ్చరించిన యపాయమును దండి కథగాఁ జూపెను. అపహారవర్మ చరితమున నర్థపతి యను ధనికుని పతనము దీనికి మంచి యుదాహరణము. విమర్దకుఁ డను జూదరి, యపహారవర్మ పంపున, నర్థపతికడ సేవకుఁడుగాఁ జేరెను. వాఁడు బహిరంగముగా ధనమిత్రునితోఁ దగవు పెట్టుకొని, ధనముఁ గురియునని పేరుపడిన తోలుసంచినిగూర్చి బెదరించెను. పిమ్మట సంచి పోయినదని ధనమిత్రుఁడు రాజునకు విన్నవించెను. రాజు పిలిపించి యడుగఁగా నర్థపతి విమర్దకుఁడు తనవాఁడే యని యొప్పుకొని, పిలిచికొనివత్తునని పోయి, యిల్లును జూదశాలయు నంగడియు వెదకెను. వాఁడు దొరకలేదు, దొరకడు, అపహారవర్మ వాని నప్పటికే ఉజ్జయినికిఁ బంపియుండెను. సాక్షిని దేలేకపోవుటయే యర్థపతి నేరముగాఁ బరిణమించెను. ప్రాణము దక్కినను సర్వస్వమునుఁ గోల్పోయి వెడలఁగొట్టఁబడెను. ఆ దొంగతనమువఱకు నతఁడు నిరపరాధి. పాఠకుఁడు కథానాయకుని నేర్పునకు నవ్వుకొనును గాని, యా నవ్వులో న్యాయస్థానమునకు నొక పాఠ మున్నది.

ఈ పాఠమేమనఁగా, నిరపరాధి యపసారమును సమకూర్చుకొనఁడు; వాని కది కావలసివచ్చునని తెలియదు. ఒంటరిగాఁ దన యింటఁ బండుకొన్నవానికి సాక్షి యెవఁడు? నేరము చేయఁదలఁచినవాఁడు మాత్రము సాక్షుల నేర్పఱచుకొనును, వేళను గుర్తుంచునట్లు పలుకరించును, వస్తువులను నిలుపును. 1956 నవంబరు 11 న అమెరికాలో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ పేర నడచిన దూరదర్శన నాటకమాలలో "ఆలిబై మీ" యను నొకటి ప్రసారమైనది. అందొక హంతకుఁడు, చంపిన పిమ్మట, ఆ వేళ తమతో నున్నాఁడని చెప్పువారికై వెదకులాడును. దండికిని నా నాటకమునకును నడుమ వేయేండ్లకుఁ బైఁబడిన యెడమున్నను వస్తు వొక్కటే: ఋజువు కొన్నిసార్లు నేరస్థునికే సులభము. కావున నపసారము చక్కఁగా నతికినంతమాత్రమున శుద్ధుఁడనుటయు, నతుకనంతమాత్రమున దోషి యనుటయు రెండును దోషములే.

ఆంగ్లేయప్రభుత్వకాలమున నీ విషయము 1872 నాఁటి సాక్ష్యచట్టములోనికిఁ జేరినది. దాని 11 వ సెక్షనులోని యుదాహరణము ప్రసిద్ధము: కలకత్తాలో నేరము జరిగిన దినమున నభియుక్తుఁడు లాహోరులో నుండెనను సంగతి విచారణార్హమని. 1947 లో లాహోరు దేశాంతరమైనను భారతదేశపు చట్టమున నాయుదాహరణ మట్లే నిలిచియుండెను. 2024 జూలై 1 న నమలులోనికి వచ్చిన భారతీయసాక్ష్య అధినియమము (2023) దానిని తన 9 వ సెక్షనులో మార్చి చెన్నపట్టణమును లడఖును జేర్చినది. ఊళ్లు మాఱినను నియమము మాఱలేదు. ఆ వేళ వేఱొకచోట నుంటినని న్యాయస్థానము నమ్మవలయునని కోరువాఁడే దానిని ఋజువుచేయవలయునని 1872 నాఁటి చట్టపు 103 వ సెక్షను చెప్పినది. ఇది విజ్ఞానేశ్వరుని యావు చెప్పిన న్యాయమే. ఎవని నోట క్రొత్తసంగతి పుట్టెనో వానిదే దాని భారము.

ఈ న్యాయమునకును, యభియుక్తుని మాటకు నీయవలసిన విలువకును సంబంధించి తెలుఁగుదేశమునుండి ప్రీవీకౌన్సిలువఱకుఁ బోయిన వ్యాజ్య మొకటి కలదు. అది పకాల నారాయణస్వామి వ్యాజ్యము. 1939 జనవరి 19 న ఆట్కిన్ ప్రభువు తీర్పు చెప్పెను. చంపఁబడినవాఁడు పిఠాపురము దివానుకడ బంట్రోతు. అభియుక్తుని భార్య యా దివాను కూఁతురు. ఆమె బంట్రోతుకడ నప్పు తీసికొనియుండెను. దంపతులు బరంపురమున నుండిరి. తెలుఁగువారధికముగాఁ గల యాపట్టణము 1936 లో మద్రాసురాష్ట్రమునుండి యొరిస్సాలోఁ జేరినది.

1937 మార్చి 20 న బంట్రోతునకు బరంపురము రమ్మని యొక జాబు వచ్చెను. బాకీ పుచ్చుకొనుటకుఁ బోవుచున్నానని యతఁడు భార్యతోఁ జెప్పెను. 21 న నిల్లు విడిచెను. 22 న బరంపురమున నొక యినుపపెట్టె కొనఁబడెను. 23 న పూరీలో రైలు మూఁడవతరగతి పెట్టెలో, యజమానుఁడు లేని యాపెట్టెయందు వాని శవము ఖండములుగాఁ గనఁబడెను. నాలుగుదినములు, నాలుగు సంగతులు.

పోలీసువారడిగినపుడు అభియుక్తుఁడు చెప్పినది చిత్రమైన యుత్తరము. మృతుఁడు 21 వ తేది సాయంకాలము తన యింటికి వచ్చినమాట నిజమే. ఆ రాత్రి బయటిగదిలోఁ బండుకొనెను. మఱునాఁటి సాయంకాలము రైలులో వెడలిపోయెను. అనఁగా నతఁడు తన్ను గాక మృతునే యన్యత్రకుఁ బంపెను. అపసార మిచట తిరుగఁబడినది: నేనచట లేననుటకు బదులు, వాఁడు నాయొద్ద లేఁడని.

కౌటిలీయమున నీమాటయే విచారణమునకు మూలమై, యతుకనిచో హింసకు దారి తీసియుండును. ప్రీవీకౌన్సిలు వేఱుమార్గముఁ దొక్కెను. విచారణకాలమునఁ బోలీసువారితోఁ జెప్పిన మాటను, క్రిమినల్ ప్రొసీజరుచట్టపు 162 వ సెక్షనును బట్టి, యభియుక్తునిపై సాక్ష్యముగాఁ గైకొనరాదని నిర్ణయించి, దానిని లెక్కనుండి తొలఁగించెను. మృతుఁడు పయనమగునపుడు భార్యతోఁ జెప్పిన మాట మాత్రము, మరణమునకుఁ దెచ్చిన సంగతులలోనిది గనుక, గ్రాహ్యమని చెప్పెను. అభియుక్తుని మాట తీసివేసినను దక్కిన సాక్ష్యము చాలునని చూచి, పాట్నా హైకోర్టు తీర్పును స్థిరపఱచెను. దండన పడినది, కాని యపసారము చెడినందున గాదు, నాలుగు దినముల సంగతులు తమంతఁదా మొండొంటితో నతికినందున.

స్వతంత్రభారతమున సుప్రీముకోర్టు తీర్పు లీమార్గమునే స్థిరపఱచినవి. దూద్‌నాథ్ పాండే వ్యాజ్యమున (1981) రెండు సంగతులు చెప్పఁబడినవి. అభియుక్తుఁడు నేరస్థలమున నుండుట యసంభవమగునంత దూరమున నుండవలయు ననుట యొకటి. అతని సాక్షులను వాదిపక్షపు సాక్షులతో సమానముగాఁ జూడవలయు ననుట రెండవది. శరద్ బిరిధిచంద్ శారదా వ్యాజ్యమున (1984) నభియుక్తుని యుత్తరము బొంకైనను నది సంపూర్ణమైన గొలుసునకుఁ జేర్చు మఱియొక లంకె మాత్రమే యనియు, తెగిన గొలుసు నదుకఁజాలదనియు నిర్ణయింపఁబడినది. బినయ్‌కుమార్ సింగ్ వ్యాజ్యమున (1997) మొదట వాదిపక్షము తన భారమును దీర్చుకొన్న తరువాతనే యభియుక్తుని యపసారమునకు సందర్భము వచ్చుననియు, నపుడు మాత్ర మతఁడు గట్టి ఋజువు చూపవలయుననియు వివరింపఁబడినది.

పూర్వాపరములఁ బరిశీలింపఁగా, భారమెవనిదను విషయమున ధర్మశాస్త్రమునకును నేఁటి చట్టమునకును వైరము లేదు. "లేను" అనుట మిథ్య, "ఇచట నుంటిని" యనుట సకారణమిథ్య యను విభాగము రెంటను నొక్కటే. భేదమంతయు వైఫల్యముయొక్క ఫలమునందున్నది. మాండవ్యునికి మౌనము శూలమైనది. అర్థపతికి సాక్షి లేమి సర్వనాశనమైనది. కౌటిలీయమున నతుకని మాట హింసకు ద్వారమైనది. నేఁడు ఋజువు కాని యపసారము, చెప్పనట్లే లెక్క. వాది తన గొలుసును దానే పూర్తిచేసికొనవలయును. సాధనములు సంపూర్ణమైన పిమ్మటనే దండింపుమని కౌటిల్యుఁడు చెప్పిన మాట, యాతని హింసావిధికంటె నెక్కువకాలము బ్రదికినది.

కావున రథసప్తమినాఁటి రాత్రి ఆగిరిపల్లిలో, జనసమూహమునకు దూరముగా నొక చెట్టుక్రింద నొంటరిగా నిదురించి, నిదురించితినని చూపలేని మనుష్యునకుఁగూడ న్యాయస్థానమున నిలువ నీడ యున్నది. హంతకునకు సాక్షులు దొరకవచ్చును. వీనికి దొరకకపోవచ్చును. ఆ లోటు వీని నేరముగా లెక్కింపఁబడకుండుటయే యీ సుదీర్ఘచరిత్రవలన లభించిన ఫలము.